క్యూబ్స్ ఓఎస్‌కి ఏ ల్యాప్‌టాప్ సరిపోతుంది? కొనబోయే ముందు చూసుకోవాల్సినవి

రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి ఇతరులు చొరబడింది 2016 జూన్‌లో. అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ నివేదిక ఈ విషయాన్ని 2021 ఫిబ్రవరిలో బయటపెట్టింది. వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన అటాచ్‌మెంట్‌ను విల్సన్ తెరిచారు. దాంతోపాటే నెట్‌వైర్ అనే మాల్వేర్ దిగింది. 22 నెలలకు పైగా ఆ కంప్యూటర్ మరొకరి చెప్పుచేతల్లో ఉంది. ఆ కాలంలోనే ఒక దాచిన ఫోల్డర్‌లో ఉత్తరాలు చేర్చారని నివేదిక చెప్పింది. 2018 ఏప్రిల్‌లో పుణె పోలీసులు స్వాధీనం చేసుకున్నది ఆ కంప్యూటర్‌నే. భీమా కోరేగావ్ కేసులో సాక్ష్యాలుగా చూపించింది ఆ ఉత్తరాలనే. తర్వాతి నివేదికల్లో నాగపూర్‌లోని దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్, జైలు నిర్బంధంలోనే కన్నుమూసిన స్టాన్ స్వామి కంప్యూటర్ కూడా ఇలాగే దాడికి గురయ్యాయని తేల్చారు. ఎన్‌ఐఏ వీటిని ఒప్పుకోలేదు. కేసు ఇంకా తేలలేదు.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. విల్సన్ చేసింది అజాగ్రత్త పనేమీ కాదు. తెలిసిన పెద్దాయన పేరుతో వచ్చిన మెయిల్ తెరిచారు. ‘తెలియని వాళ్ల అటాచ్‌మెంట్లు తెరవకండి’ అని వర్క్‌షాపుల్లో చెప్పే సలహా మన పనికి అస్సలు సరిపోదు. అట్రాసిటీ కేసు బాధితులు మనకు తెలిసిన వాళ్లు కారు. ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల ఫొటోలు, కుల ధ్రువీకరణ పత్రం, ఊరి వాళ్లు తీసిన వీడియో ఇవన్నీ ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచే వస్తాయి. వాటిని తెరవడమే మన పని. కాబట్టి తెరిచినా నష్టం ఒక గది దాటకుండా ఉండే కంప్యూటర్ కావాలి.

క్యూబ్స్ ఓఎస్ చేసేది సరిగ్గా అదే. పోలండ్ భద్రతా పరిశోధకురాలు జోవన్నా రుత్‌కోవ్‌స్కా, ఆమె స్థాపించిన ఇన్విజిబుల్ థింగ్స్ ల్యాబ్ దీన్ని తయారు చేశారు. తొలి వెర్షన్ 2012లో వచ్చింది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇందులో ఒక్క కంప్యూటర్‌లో చాలా కంప్యూటర్లు విడివిడిగా నడుస్తాయి. ఒక్కోదాన్ని ‘క్యూబ్’ అంటారు. థీసిస్‌కి ఒకటి, సంఘం మెయిల్‌కి ఒకటి, బ్యాంకుకి ఒకటి, ఇంటర్నెట్ అసలే లేని ‘వాల్ట్’ ఒకటి. బాధితుల పేర్లు, సాక్షుల ఫోన్ నంబర్లు ఆ వాల్ట్‌లో ఉంటాయి. కొత్త అటాచ్‌మెంట్ వస్తే దాన్ని ‘డిస్పోజబుల్’ క్యూబ్‌లో తెరుస్తాం. కిటికీ మూయగానే ఆ క్యూబ్ మొత్తం చెరిగిపోతుంది, లోపల మాల్వేర్ ఉంటే దాంతో సహా. ఏ కిటికీ ఏ క్యూబ్‌దో తెలిసేలా అంచులకు రంగులుంటాయి.

ఈ గోడలన్నీ కట్టేది జెన్ అనే హైపర్‌వైజర్. అయితే జెన్ ఒక్కటే గోడ కట్టలేదు, ప్రాసెసర్ సాయం కావాలి. ల్యాప్‌టాప్ ఎంపిక గురించి ఇంత రాయాల్సి రావడానికి కారణం ఇదే. ఉబుంటు లాంటివి ఏ పాత మెషీన్ మీదైనా ఎక్కుతాయి. క్యూబ్స్ అలా కాదు.

ప్రాసెసర్‌లో ఉండాల్సినవి

మొదటిది ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఏఎండీ-వీ. ఇది గత పదేళ్లలో వచ్చిన దాదాపు అన్నింటిలో ఉంటుంది. దానికి తోడు ఈపీటీ కావాలి, అదీ సాధారణంగా ఉంటుంది.

తేడా వచ్చేది వీటీ-డీ దగ్గర. వైఫై కార్డు, యూఎస్‌బీ కంట్రోలర్ లాంటివి నేరుగా మొత్తం మెమరీని చదవగలవు. ఎవరైనా వైఫై కార్డును లోబరుచుకుంటే మిగతా క్యూబ్‌లన్నిటికీ దారి దొరికినట్టే. ఫలానా పరికరం ఫలానా క్యూబ్ మెమరీని తప్ప మరోదాన్ని తాకకూడదని కట్టడి చేసేది వీటీ-డీ. దాని సాధారణ పేరు ఐఓఎంఎంయూ. క్యూబ్స్ 4.0 నుంచి ఇది తప్పనిసరి. ఇది లేని మెషీన్‌లో ఎలాగోలా ఎక్కించినా నెట్‌వర్క్ క్యూబ్, యూఎస్‌బీ క్యూబ్ పేరుకే ఉంటాయి.

ఒకే మోడల్ పేరుతో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి వీటీ-డీ ఉండి మరోదానికి లేకపోవచ్చు. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్230నే తీసుకోండి. ఐ5-3320ఎం ప్రాసెసర్‌తో వచ్చినదానికి ఉంది, ఐ5-3210ఎంతో వచ్చినదానికి లేదు. బయటి నుంచి చూస్తే రెండూ కవల పిల్లలే. అందుకే మోడల్ పేరు ఒక్కటే అడిగి ఊరుకోకుండా ప్రాసెసర్ పూర్తి నంబర్ అడగాలి. ఆ నంబర్‌ను ఇంటెల్ వెబ్‌సైట్‌లో వెతికితే ఏముందో ఏం లేదో వరుసగా చూపిస్తుంది. దుకాణం వాళ్లు ‘ఐ5 సార్, అన్నీ ఉంటాయి’ అంటారు. ఐ5 అన్నది ఒక వంశం పేరు లాంటిది, దాన్ని బట్టి మనిషి గుణం తెలియదు. ఈ సైట్ పాఠకులకు ఇంతకంటే వివరించాల్సిన పని లేదనుకుంటాను.

తర్వాత కోర్ల లెక్క. 2018లో ఇంటెల్ చిప్‌లలో ఎల్1టీఎఫ్ అనే లోపం బయటపడ్డాక క్యూబ్స్ హైపర్‌థ్రెడింగ్‌ను ఆపేసింది. దీంతో ‘2 కోర్లు, 4 థ్రెడ్లు’ అని రాసి ఉన్న ప్రాసెసర్ ఇక్కడ అచ్చంగా రెండు కోర్లదే. ఇంటెల్ సన్నపాటి ల్యాప్‌టాప్‌లకు ఇచ్చే ‘యూ’ రకం ఐ5 ప్రాసెసర్లు 7వ తరం వరకు రెండు కోర్లవి, 2017లో వచ్చిన 8వ తరంలో నాలుగయ్యాయి. ఐ5-7200యూ, ఐ5-8250యూ మధ్య దుకాణంలో రెండు మూడు వేల తేడా కనిపించవచ్చు. క్యూబ్స్‌లో మాత్రం అది సగానికి సగం తేడా. నా సలహా, 8వ తరం కంటే కిందికి పోవద్దు. విండోస్ 11 కూడా ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్‌తో ముగియడంతో 6, 7 తరాల ల్యాప్‌టాప్‌లను కంపెనీలు వదిలించుకుంటున్నాయి. చవగ్గా వస్తున్నాయని అటు మొగ్గకండి.

ఏఎండీ రైజెన్‌లో క్యూబ్స్ నడవదని కాదు, చాలామంది నడుపుతున్నారు. కాకపోతే ఏఎండీ మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు మైక్రోకోడ్ సవరణలు ప్రధానంగా బయోస్ అప్‌డేట్ల ద్వారానే వస్తాయి. తయారీదారు బయోస్ ఇవ్వడం మానేస్తే మీరు ఆగిపోయినట్టే. ఇంటెల్ వాటిని ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా కూడా ఇవ్వొచ్చు. మొదటిసారి కొనేవాళ్లు ఇంటెల్ దగ్గరే ఉండటం మంచిది. యాపిల్ ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌లు, స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు అసలు పనికిరావు. క్యూబ్స్ ఎక్స్86 ప్రాసెసర్లకే రాసింది.

ర్యామ్ దగ్గర పిసినారితనం వద్దు

అధికారికంగా కనీసం 6 జీబీ, మంచిది 16 జీబీ అని రాస్తారు. 6 జీబీతో అది తెరుచుకుంటుంది, అంతవరకే. కంప్యూటర్ ఆన్ చేయగానే మొత్తాన్ని నడిపే డామ్-జీరో, నెట్‌వర్క్ క్యూబ్, ఫైర్‌వాల్ క్యూబ్, యూఎస్‌బీ క్యూబ్ తమ వాటా తీసుకుంటాయి. ఆ తర్వాత బ్రౌజర్ ఉన్న ఒక్కో క్యూబ్ 1 నుంచి 3 జీబీ దాకా అడుగుతుంది. 8 జీబీ మెషీన్‌లో రెండు పనులు పక్కపక్కన చేయడం కష్టం. జనం విసిగిపోయి అన్నీ ఒకే క్యూబ్‌లో తెరవడం మొదలుపెడతారు. అప్పుడు క్యూబ్స్ ఉండీ లేనట్టే. 16 జీబీతో మొదలుపెట్టండి, 32 ఉంటే హాయి.

ఇక్కడే సన్నటి, అందమైన ల్యాప్‌టాప్‌లు మోసం చేస్తాయి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్, ఎక్స్280లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీతో కొంటే చచ్చేదాకా 8 జీబీయే. టీ480లో రెండు స్లాట్లున్నాయి. టీ480ఎస్, టీ490, టీ14 మొదటి తరంలో కొంత అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఉంచారు. డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5లలో రెండు స్లాట్లు. ఐటీ కంపెనీలు లీజు ముగిశాక వదిలేసే సరుకులో ఇవి తరచుగా కనిపిస్తాయి.

డిస్క్‌కి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పాత హార్డ్‌డిస్క్ మీద క్యూబ్స్ నడపడం శిక్ష. కుదిరితే ఎస్‌ఎస్‌డీ కొత్తది కొనండి, సెకండ్‌హ్యాండ్‌లో ఎంత అరిగిందో తెలియదు.

గ్రాఫిక్స్ విషయంలో ఇంటెల్ చిప్‌లో కలిసి వచ్చేదే మేలు. ఎన్విడియా ఉంటే తలనొప్పి. టీ480లోనూ కొన్నింటికి ఎన్విడియా ఎంఎక్స్150 ఉంటుంది, దుకాణంలో ‘గ్రాఫిక్స్ కార్డు ఉంది’ అని ఎక్కువ ధర చెబుతారు. మనకు అది అక్కర్లేదు. వైఫై కార్డు ఇంటెల్‌దైతే నిశ్చింత. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ కార్డుల్లో కొన్ని ఇబ్బంది పెడతాయి.

కీబోర్డు గురించి ఎవరూ అడగరు, కానీ అడగాలి. క్యూబ్స్ యూఎస్‌బీ పరికరాలన్నిటినీ ఒక క్యూబ్‌లో బంధిస్తుంది, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి కాపాడటానికి. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు కూడా లోపల యూఎస్‌బీ మీదే నడిచేదైతే పాస్‌వర్డ్ కొట్టే దారి కూడా ఆ బందిఖానాలోకే పోతుంది. థింక్‌ప్యాడ్‌లలో, చాలా డెల్, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో కీబోర్డు పాత పీఎస్/2 పద్ధతిలో ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

చివరగా నిద్ర. 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు ‘మోడర్న్ స్టాండ్‌బై’ అనే కొత్త పద్ధతికి మారాయి, పాత ఎస్3 నిద్రను తీసేశాయి. క్యూబ్స్‌కి ఎస్3తోనే బాగా పొసగుతుంది. లేకపోతే మూత మూసినా బ్యాటరీ కారిపోతూ ఉంటుంది. అసలు బయటికి వెళ్లేటప్పుడు మూత మూయడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. క్యూబ్స్ డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ ఆ తాళం నిద్రపోతున్న మెషీన్ మెమరీలో ఉంటుంది. సోదాకు వచ్చినవాళ్ల చేతికి నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్ చిక్కడం, ఆపేసిన ల్యాప్‌టాప్ చిక్కడం ఒకటి కాదు.

కొత్తదా, సర్టిఫైడ్‌దా, సెకండ్‌హ్యాండా?

క్యూబ్స్ బృందం పరీక్షించి ధ్రువీకరించిన ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. నైట్రోకీ వాళ్ల నైట్రోప్యాడ్‌లు, నోవాకస్టమ్ మోడళ్లు, స్టార్ ల్యాబ్స్ వాళ్ల స్టార్‌బుక్ వాటిలో కొన్ని. మంచివే. ఐరోపా నుంచి తెప్పించుకోవాలి, కొత్త మోడల్ అయితే లక్ష దాటుతుంది, కస్టమ్స్ సుంకం వేరు. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. అదీ నెలల తరబడి అందని సంగతి పరిశోధక విద్యార్థులకు చెప్పక్కర్లేదు. సంస్థ డబ్బుతో కొనేవాళ్లు వీటిని చూడొచ్చు.

దుకాణంలో నిన్నగాక మొన్న వచ్చిన మోడల్ కొనడం ఇంకో రకం తప్పు. క్యూబ్స్ డామ్-జీరోలో ఉండే కెర్నల్ కొత్త హార్డ్‌వేర్‌ను గుర్తుపట్టడానికి సమయం పడుతుంది. ఈ ఒక్క విషయంలో రెండు మూడేళ్ల పాతది కొత్తదానికంటే నయం.

మనలో ఎక్కువమందికి మిగిలేది రీఫర్బిష్డ్ ఆఫీసు ల్యాప్‌టాప్. సికింద్రాబాద్‌లోని సీటీసీకి, అమీర్‌పేటకు వెళ్తే 8వ తరం టీ480 సుమారు 15,000 నుంచి 25,000 మధ్య, ర్యామ్‌ని బట్టి, తెర పరిస్థితిని బట్టి దొరుకుతుంది. ర్యామ్ ధర ఊగుతూ ఉంటుంది కాబట్టి 16 జీబీ వేసి ఉన్నదే బేరమాడండి. ముందే ఆర్డరిచ్చి తెప్పించుకోవడం కంటే దుకాణానికి నేరుగా వెళ్లి, పది ల్యాప్‌టాప్‌లలో ఒకటి ఎంచుకుని, అప్పుడే చేతిలో పట్టుకుని రావడంలో ఒక భద్రత ఉంది. అది ఎవరికి వెళ్తుందో దారిలో ఎవరికీ తెలియదు.

ఇక క్యూబ్స్ సైట్‌లో హెచ్‌సీఎల్ అనే హార్డ్‌వేర్ జాబితా ఉంది. వాడకందారులు తమ మెషీన్ మీద ఏది పనిచేసిందో పంపిన నివేదికలవి. హెచ్‌వీఎం, ఐఓఎంఎంయూ, స్లాట్, టీపీఎం అనే గడుల్లో ‘యెస్’ ఉందా చూడండి. చివర ఉండే వ్యాఖ్యలను వదలకండి, ‘నిద్ర నుంచి లేవడం లేదు’ లాంటి సంగతులు అక్కడే ఉంటాయి. నివేదిక ఏ వెర్షన్ మీదదో కూడా గమనించాలి. 4.0 నాటి ‘యెస్’ ఇప్పటికీ వర్తిస్తుందన్న హామీ లేదు.

దుకాణంలో గంటసేపు

క్యూబ్స్ ఇన్‌స్టాలర్‌ను 16 జీబీ పెన్‌డ్రైవ్ మీద ముందే రాసి తీసుకెళ్లండి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ సంతకాన్ని సరిచూడటం మరవొద్దు, ఆ పద్ధతి వాళ్ల సైట్‌లోనే వివరంగా ఉంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, దుకాణదారు తీయలేకపోతే, ఆ మెషీన్ పక్కన పెట్టేయండి. పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అది. తర్వాత తీయిస్తామని చెప్పే మాటలు నమ్మకండి. సెక్యూరిటీ విభాగంలో వర్చువలైజేషన్, వీటీ-డీ రెండూ ఆన్ చేయండి. సెక్యూర్ బూట్ ఆపండి. కంప్యూట్రేస్ లేదా అబ్సొల్యూట్ అని కనిపిస్తే దాని స్థితి చూడండి. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను దూరం నుంచి కనిపెట్టడానికి వాడేది అది. ‘యాక్టివేటెడ్’ అని ఉంటే కొనొద్దు.

అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాలర్ తెరవండి. ప్రాసెసర్‌లో ఏదైనా లోపిస్తే అది మొదట్లోనే ‘ఈ హార్డ్‌వేర్‌కు మద్దతు లేదు’ అని హెచ్చరించి, ఐఓఎంఎంయూయా మరొకటా చెబుతుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఆ తెర దాకా వస్తే చాలు. చాలా దుకాణాల్లో దీనికి అభ్యంతరం చెప్పరు. చెబితే పక్క దుకాణం ఉండనే ఉంది.

బిల్లు విషయంలో పట్టుబట్టండి. అడుగున ఉన్న సీరియల్ నంబర్, బయోస్‌లో కనిపించే సీరియల్ నంబర్, బిల్లు మీద రాసిన నంబర్ మూడూ ఒకటే కావాలి. నాలుగు వందలు తగ్గుతాయని బిల్లు లేకుండా తీసుకుంటే, రేపు అది దొంగసొత్తు అని తేలితే, హాస్టల్ గదిలో మన పిల్లల మాట ఎవరు వింటారు? సంఘంలో తిరిగే దళిత విద్యార్థి మీద కేసు పెట్టాలని చూసేవాళ్లకు మనమే కాగితం అందించినట్టవుతుంది.

ఇంకో చిన్న పని. విండోస్ తుడిచేయకముందే దాని నుంచే బయోస్ అప్‌డేట్ చేసేయండి. 2017–2019 థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపం వల్ల యూఎస్‌బీ-సీ పోర్టు దెబ్బతినేది, టీ480 అందులో ఒకటి. దానికి లెనోవో ఇచ్చిన అప్‌డేట్ కూడా అప్పుడే వేసుకోవచ్చు.

ఎక్కించాక తెలుగు సంగతి

తెలుగు ఫాంట్లను ప్రతి క్యూబ్‌లోనూ వేయక్కర్లేదు. వాటికి మూలమైన ‘టెంప్లేట్’లో ఒకసారి వేస్తే దాని మీద ఆధారపడిన క్యూబ్‌లన్నిటికీ వస్తాయి. ఫెడోరా టెంప్లేట్‌లోనైనా డెబియన్ టెంప్లేట్‌లోనైనా లోహిత్ తెలుగు దొరుకుతుంది. కొత్తవాళ్లు కంగారుపడేది ఒకటుంది. తెలుగు పేరున్న ఫైల్ తెరిస్తే కిటికీ పైపట్టీలో అక్షరాల బదులు అడ్డగీతలు కనిపిస్తాయి. అది చెడిపోవడం కాదు. అనుమానాస్పద క్యూబ్ వింత అక్షరాలతో డామ్-జీరోను మోసగించకుండా, ఇంగ్లిష్ కానివాటిని క్యూబ్స్ డీఫాల్ట్‌గా అలా మారుస్తుంది. నమ్మకమైన క్యూబ్‌లకు సెట్టింగుల్లో దాన్ని మార్చుకోవచ్చు. ప్రపంచంలో ఎక్కువ భాషలు ‘వింత అక్షరాల’ కిందే లెక్క అన్నమాట.

పత్రికలకు అను ఫాంట్లలో పేజీలు పెట్టేవాళ్లు విండోస్ వదల్లేరు. విండోస్‌ను నెట్ లేని ఒక క్యూబ్‌లో నడపవచ్చు, దానికోసం 4 జీబీ ర్యామ్ అదనంగా లెక్కేసుకోండి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం ఈ ల్యాప్‌టాప్ పనికిరాదు. క్యూబ్‌లకు గ్రాఫిక్స్ వేగం అందదు, వీడియోలన్నీ ప్రాసెసరే లాగాలి. జూమ్ మీటింగ్‌లో ఫ్యాన్ మోగుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. టీ480లో లోపల ఒకటి, వెనక తీసి పెట్టుకునేది ఒకటి, రెండు బ్యాటరీలుండటం ఇక్కడ కలిసొస్తుంది.

అందరికీ ఇది అవసరమని నేననను. అప్పుడప్పుడూ ఒక సున్నితమైన పని చేసేవాళ్లకు పెన్‌డ్రైవ్ నుంచి నడిచే టెయిల్స్ చాలు. ఉన్న ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది, ఆపేస్తే ఏమీ మిగలదు. రోజూ కేసు ఫైళ్లు, సాక్షుల వివరాలు దాచాల్సినవాళ్లకు, సంఘాల ఆఫీసులకు, న్యాయవాదులకు క్యూబ్స్. 2019లో వాట్సాప్ హెచ్చరిక అందుకున్న ఆనంద్ తేల్తుంబ్డే లాంటి వాళ్ల మీద పెగాసస్ ప్రయోగం జరిగింది ఫోన్ల ద్వారా. ఫోన్‌ను ఈ ల్యాప్‌టాప్ కాపాడదు. అదే ఫోన్‌లో అదే ఫైల్ పెట్టుకుంటే ఇక్కడి గోడలు వృథా.

మీరు కొన్న మోడల్ హెచ్‌సీఎల్ జాబితాలో లేకపోతే డామ్-జీరో టెర్మినల్‌లో ‘క్యూబ్స్-హెచ్‌సీఎల్-రిపోర్ట్’ కమాండ్ నడపండి. అది తయారుచేసే చిన్న ఫైల్‌లో ప్రాసెసర్, బయోస్ వెర్షన్, ఐఓఎంఎంయూ ఉందా లేదా లాంటివి ఉంటాయి, మీ పత్రాలేవీ ఉండవు. పంపే ముందు ఒకసారి తెరిచి చదవండి. పంపినవాళ్ల పేరు ఆ జాబితాలో అందరికీ కనిపిస్తుంది. ఏ ల్యాప్‌టాప్ వాడుతున్నారో మీ పేరుతో ప్రకటించుకోవడం ఎందుకు, వేరే మారుపేరు మెయిల్ నుంచి పంపండి.